నేలకు దించే పిడి

వేసవిలో మా అపార్టుమెంటు డాబా మీద మిరపకాయలు ఎండబెట్టుకునే హక్కు అందరికీ ఉంది గానీ, మంచి ఎండ తగిలే చోటు మాత్రం ముందు వెళ్ళినవాళ్ళదే. అందుకని నేను పొద్దున్నే కాఫీ గ్లాసు కడిగీ కడగకముందే పాత చీర చంకన పెట్టుకుని లిఫ్టెక్కుతాను. నందిగామలో ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఇదే వరస. ఈ ఏడు ఒకరోజు నాకంటే ముందే ఒకరు వచ్చి ఉన్నారు. మా పై వాటాలో ఉండే లిఖిత. కంచికచర్ల దగ్గర ఇంజనీరింగు చదువుతోంది, రోజూ కాలేజీ బస్సులో వెళ్ళొస్తుంది. ఆ పిల్ల నోట్లో స్క్రూలు పెట్టుకుని లిఫ్టు గది గోడకి ఒక పెట్టె బిగిస్తోంది. పైన రెండు ఇనప పైపుల మధ్య ఒక తీగ బిగువుగా లాగి కట్టి ఉంది. హామ్ రేడియో పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుందని వాళ్ళమ్మ అంతకుముందే పూతరేకులిచ్చి మరీ చెప్పింది. ఎవరింట్లో వాళ్ళు సొంత రేడియో సెట్టు పెట్టుకుని, ఊళ్ళూ దేశాలూ దాటి తమలాంటి వాళ్ళతో కబుర్లు చెప్పుకునే సరదా అది. ఆ కబుర్లు గాల్లోకి పంపడానికీ, గాల్లోంచి పట్టుకోవడానికీ ఎత్తున ఒక తీగ కావాలి. అదే యాంటెన్నా.

పెట్టెలోకి తొంగి చూశాను. రాగి పలక, దానికో నల్లటి పిడి. చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట, "పిడి పైకుంటే ఏంటి, కిందికుంటే ఏంటి?"

లిఖిత స్క్రూలు చేతిలోకి ఉమ్మి నావైపు వింతగా చూసింది. "పైకుంటే యాంటెన్నా సెట్టుకి కలుస్తుంది మామ్మగారూ. కిందికి దించితే ఎర్త్. మట్టిలోకి. పిడుగులప్పుడు సెట్టు కాలిపోకుండా. అయినా ఇదంతా మీకెలా తెలుసు?"

"మట్టి కిందేగా? అయితే సరే," అని మిరపకాయల సంగతి మరిచిపోయి వాటర్ ట్యాంకు అరుగు మీద కూలబడ్డాను. పిడుగుకి ముందు దించాల్సిన పిడి ఒకటి మా ఇంట్లోనూ ఉండేది. అది మా అమ్మ చేతికి ఎలా వచ్చిందో ఆ పిల్లకి చెప్పాను. మీకూ చెబుతాను.

మా చిన్నప్పుడు మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. మా వైపు దాన్ని పేట అనే అంటారు. నాన్న తంతి ఆఫీసులో పనిచేసేవాడు. రోజంతా టక్కుటక్కుమని మీట నొక్కే ఉద్యోగం. అది చాలనట్టు ఇంట్లో కూడా డాబా మీది గదిలో అలాంటి మీటే పెట్టుకుని, పొద్దున్నే స్నానానికి ముందు ఓ గంట, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో అదే టక్కుటక్కు భాషలో కబుర్లాడేవాడు. సెట్టు సొంతంగా కట్టుకున్నది. వాల్వులు వేడెక్కాక దుమ్ము కాలినట్టు, లక్క కరిగినట్టు ఒక వాసన మెట్ల మీదుగా కిందికి దిగేది. కింద వంటింట్లో అమ్మ ఇంగువ పోపు. ఆ రెండు వాసనలూ కలిస్తే మాకు తెల్లారినట్టు లెక్క. నాయనమ్మకి మాత్రం కొడుకు చేసే పని ఎప్పుడూ అంతుబట్టలేదు. "ఆఫీసులో కొట్టుకుంటావు, ఇంట్లోనూ కొట్టుకుంటావు, నీకు చేతులు నొప్పెట్టవుట్రా?" అనేది. డాబా మీద సరుగుడు బాదుల మధ్య రాగి తీగ కట్టినరోజు మాత్రం సంతోషించింది, పట్టుచీరలు ఆరేసుకోవచ్చని. నాన్న వద్దంటే రెండ్రోజులు మాట్లాడలేదు.

తీగ కట్టగానే సరిపోదు. ఎండలు ముదిరిన రోజుల్లో సాయంత్రాలు మా మెట్ట ఊళ్ళ మీద పడే గాలివానలు మామూలువి కావు. గరికపాడు వైపు ఆకాశం ఇటుకరంగుకి తిరిగిందంటే, ముందు దుమ్ము, తర్వాత ఉరుములు, ఆ తర్వాతే నాలుగు చినుకులు. పిడుగు నేరుగా మీద పడితే ఏ ఏర్పాటూ పూర్తిగా కాపాడలేదని నాన్నే చెప్పేవాడు. కానీ దూరంగా పడ్డా సరే, దాని ధాటికి ఈ తీగలోకి కరెంటు ఎక్కుతుంది. అది సెట్టులోకి దిగితే మిగిలేది బూడిదే. అందుకని దానికి వేరే దారి చూపించాలి, ఆ దారి మట్టిలోకి వెళ్ళాలి. ఆ మట్టి తడిగా ఉండాలి. పేటలో రెండు జానలు తవ్వితే నాపరాయి తగిలేది. వేసవిలో ఆ పైమట్టి కూడా పేలాల్లా ఎండిపోయేది. ఇల్లంతా వెతికితే ఏడాది పొడుగునా తడి ఉండే చోటు ఒక్కటే కనిపించింది, స్నానాల గది నీళ్ళు బయటికి పోయే తూము దగ్గర. అక్కడ నాయనమ్మ పుదీనా మడి ఉంది.

"ఊళ్ళో ఎక్కడా చోటు లేనట్టు నా పుదీనాయే దొరికిందిట్రా నీకు?" అని ఆవిడ అరుస్తుంటేనే నాన్న గొయ్యి తవ్వాడు. రాగి కడ్డీ దింపి చుట్టూ బొగ్గులూ, బుట్టెడు కళ్ళుప్పూ పోశాడు. ఉప్పు పోస్తుంటే నాయనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంకేం, కారం కూడా తెచ్చివ్వనా? ఆవకాయ పెట్టేస్తువు గానీ," అంది. పడీపడీ నవ్వాం. ఆ గొయ్యి ఎప్పుడూ తడిగా ఉండాలని నాన్న పెట్టిన రూలు వల్ల, వచ్చిన చుట్టాలకి పూటపూటా స్నానం చెయ్యమని అంత బలవంతం చేసే ఇల్లు పేట మొత్తం మీద మాదొక్కటే అయింది. తమ దగ్గర చెమట వాసన వస్తోందేమోనని పాపం వాళ్ళు అనుమానపడేవాళ్ళు. కడ్డీ చుట్టూ పుదీనా మళ్ళీ మొలిచింది, మునుపటికంటే గుబురుగా.

డాబా గది కిటికీ దగ్గర నాన్న స్విచ్చి బిగించాడు. పింగాణీ దిమ్మ మీద రాగి పలక, కత్తిలాగా పైకీ కిందికీ తిరిగేది. పిడి పైకెత్తితే తీగ సెట్టుకి కలుస్తుంది, కిందికి దించితే గోతిలో కడ్డీకి. పొద్దున్న మాట్లాడటం అయిపోగానే నాన్నే దించేవాడు. కానీ మనిషన్నాక మరిచిపోతాడు. మబ్బులొచ్చే వేళకి ఆయన ఆఫీసులో ఉంటాడు. అందుకని అమ్మకి చెప్పి వెళ్ళేవాడు. "మబ్బు పడితే పైకెళ్ళి ఆ స్విచ్చి ఆపి ఉందో లేదో చూడవోయ్. లేకపోతే ఆపెయ్." అంతే. ఎందుకో, ఏమిటో చెప్పలేదు. అమ్మా అడగలేదు. ఎలాగూ మబ్బు పడితే వడియాలు తియ్యడానికి డాబా మీదకి పరిగెత్తేది అమ్మే. మా అమ్మ మబ్బుని కంటితో కాదు, ముక్కుతో పసిగట్టేది. ఎక్కడో నాలుగు ఊళ్ళవతల తడిసిన మట్టి వాసన గాల్లో రాగానే పొయ్యి మీది గిన్నె దించి మెట్లెక్కేది. అలాంటి మనిషికి ఆ పని అప్పజెప్పడం సరైనదే. చెప్పిన పద్ధతే సరిగ్గా లేదు.

ఆ రోజు నాన్నకి ఆఫీసుకి ఆలస్యమైంది. పిడి పైనే వదిలేసి సైకిలెక్కాడు. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గరికపాడు వైపు మబ్బు కమ్ముకొచ్చింది. అమ్మ డాబా మీదకి వెళ్ళింది, నేను వెనకాలే. ముందుగా గదిలోకి తొంగి చూసింది. పిడి పైకి ఉంది. "ఆపే ఉందిలే," అని వడియాల చీర చుట్టబెట్టుకుని, గుమ్మడి వడియం ఒక్కటి కూడా తడవకుండా కిందికి తెచ్చింది. నాయనమ్మ వాకిట్లో అర్జునుడి పేర్లన్నీ చదవడం మొదలెట్టింది. ఇంటి వెనక చేలో తాటిచెట్టు మీద పిడుగు పడింది. అంత వెలుగు, అంత చప్పుడు నేను మళ్ళీ ఎరగను. చెవులు గింగురుమంటుండగానే మెట్ల మీదుగా వాసన దిగింది, రోజూ వచ్చేలాంటిది కాదు, గొంతు పట్టేసే మాడు వాసన.

నాన్న తడిసిపోయి వచ్చి సెట్టు విప్పి చూశాడు. లోపల చాలా భాగం నల్లగా అతుక్కుపోయింది. "స్విచ్చి చూశావా?" అని అడిగాడు. "చూశానండీ. ఆపే ఉంది," అంది అమ్మ. నాన్న పిడి వైపు చూశాడు. అది పైకే ఉంది. ఆయన ఏమీ అనలేదు. ఏమైనా అంటే బావుండేది. అనాల్సినవన్నీ నాయనమ్మ అంది. "చూసొచ్చానంటుంది, చూసిందేంటి? వడియాల మీదున్న ధ్యాస మొగుడి సెట్టు మీద లేదాయె. ఇంటి మీద పడలేదు కాబట్టి సరిపోయింది. ఆ తీగ పీకెయ్యరా! మధ్యాహ్నం పూట చూసేవాళ్ళు లేని ఇంట్లో అది ఉండటానికి వీల్లేదు." అమ్మ తడవని వడియాల మూట మూలన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సందెవేళకి కరెంటు వచ్చింది. నాన్న గదిలో లైటు వెయ్యడానికి గోడ మీది స్విచ్చి కిందికి నొక్కాడు. లైటు వెలిగింది. చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ పైకి నొక్కాడు, ఆరింది. కిందికి, వెలిగింది. పైకి, ఆరింది. కిందనుంచి నాయనమ్మ, "వీడికేమైందే!" అని కేకేసింది. నాన్న మెట్లు రెండేసి దిగుతూ వంటింట్లోకి వచ్చాడు. "ఏమోయ్, తప్పు నీది కాదు. మన ఇళ్ళల్లో ఏ స్విచ్చయినా పైకుంటే ఆపినట్టే కదా. పుట్టినప్పట్నుంచీ చేతికి అదే అలవాటు. నేను దానికి ఎదురు పెట్టా. పెట్టి, ఆపమని చెప్పా. ఇంక నీకెలా తెలుస్తుంది?" అన్నాడు. నాయనమ్మ వింటుండగానే అన్నాడు. అది నాకు ఇప్పటికీ ఇష్టం.

కానీ అమ్మ మెత్తబడలేదు. "ఏదైతేనేం, నాకు చెప్పకండి. ఇంక ఆ గదిలో అడుగు పెట్టను," అంది. అన్నట్టే పెట్టలేదు. నాన్న పాత సామాన్లు ఏరి, కొత్త వాల్వులు తెప్పించి సెట్టు మళ్ళీ కట్టుకుంటూ కూర్చున్నాడు. కానీ సెట్టు కట్టినంత మాత్రాన ఏం లాభం? మధ్యాహ్నం చూసే మనిషి లేకపోతే తీగ దించెయ్యాలి, నాయనమ్మ మాట అది. అందులో అన్యాయమూ లేదు. ఒకరోజు నాన్న స్క్రూడ్రైవరు తీసుకుని, "స్విచ్చి తిరగేసి పెడతా. పైకుంటే ఎర్త్, కిందికుంటే సెట్టు. అప్పుడు నీ చేతి అలవాటుకి సరిపోతుంది. అప్పుడైనా చూస్తావా?" అని అడిగాడు. అమ్మ కూర తరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ పిడి వదులైతే ఎటు జారుతుంది?"

"కిందికే."

"తిరగేస్తే కింద ఉండేది సెట్టేగా? ఎప్పుడైనా దానంతటది జారితే పిడుగు సెట్టులోకేగా వెళ్ళేది?"

నాన్న స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు.

"తిరగెయ్యకండి. ఉన్నట్టే ఉంచండి. నా చెయ్యే అలవాటు చేసుకుంటుంది," అంది అమ్మ కత్తిపీట మడుస్తూ. "కానీ ముందు నాకు అంతా చూపించండి. ఏ తీగ ఎటు పోతుందో, ఎందుకు పోతుందో. ఊరికే ఆపెయ్ ఆపెయ్ అంటే కుదరదు."

ఆ ఆదివారం వాళ్ళిద్దరూ డాబా మీది నుంచి పుదీనా మడి దాకా తీగ వెంబడే నడిచారు, అమ్మ దాన్ని వేలితో తడుముకుంటూ. దిగొచ్చాక మా ఇంటికి కొత్త రూల్సు పెట్టింది. ఆ స్విచ్చి విషయంలో ఆపడం అనే మాట ఎవరూ వాడకూడదు, ఎత్తడం, దించడం, అంతే. ఉరిమాక గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు. దించాల్సింది ఉరుము వినిపించాక కాదు, ఉరుముతుందేమో అనిపించినప్పుడే. సెట్టుకి పోయే తీగ కూడా పీకి పక్కన పెట్టాలి. వడియాలు ఆ తర్వాతే, తడిస్తే తడవనీ. అన్నిటికంటే గట్టి రూలు, మధ్యాహ్నం పూట పిడి మీద ఒక్క చెయ్యే పడాలి. ఇద్దరు చూసుకుంటే, నువ్వు దించావనుకుని నేనూ, నేను దించాననుకుని నువ్వూ ఊరుకుంటామని. ఆ చెయ్యి తనదే. నేను పక్కన నిలబడి, ఒక్కసారి దించుతానే అని ఎన్నిసార్లు బతిమాలినా దగ్గరికి రానివ్వలేదు.

తర్వాత ఎన్ని వేసవులు వచ్చినా, తాటిచెట్ల మీద ఎన్ని పిడుగులు పడ్డా, ఆ సెట్టు మళ్ళీ మాడలేదు. గుమ్మడి వడియాలు మాత్రం చాలాసార్లు తడిసి ముద్దయ్యాయి. వాటిని పిండి పులుసులో వేస్తే నాయనమ్మ గొణుక్కుంటూనే తినేది. లైసెన్సు నాన్నది, పేరు నాన్నది, మీతో మాట్లాడామని గుర్తుగా దేశాల మీంచి వచ్చే కార్డులు నాన్న పేరు మీదే. అమ్మకీ ఒక మీట ఇచ్చి ఒక పేరు ఇచ్చి ఉంటే ఎంత దూరం మాట్లాడేదో! ఆ ఆలోచన అప్పట్లో నాన్నకి రాలేదు, అమ్మకీ రాలేదు, బడికి వెళ్ళి పాఠాలు చెప్పిన నాకు కూడా చాలా ఏళ్ళ దాకా రాలేదు. అందుకే లిఖిత తన పేరు మీద వచ్చిన లైసెన్సు ఫోనులో చూపిస్తే, ఆ పిల్ల తల నిమిరి, కళ్ళు తుడుచుకున్నాను. దానికేమీ అర్థం కాలేదు.

అంతా చెప్పాక నాలుగు రోజులకి అపార్టుమెంటు మీటింగు పెట్టారు. వీరులపాడు దారిలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడిందన్న కబురు అప్పుడే వచ్చింది. అందరి కళ్ళూ డాబా మీది తీగ మీద పడ్డాయి. సెక్రటరీ ప్రసాద్ గారు మంచివాడే, మాట కూడా మెత్తన. "మాకు అమ్మాయి మీద కోపమేం లేదండి. చదువుకునే పిల్ల, ముచ్చటగానే ఉంది. స్విచ్చి పెట్టింది, బోరు పక్కన కడ్డీ దింపింది, అన్నీ బానే చేసింది. కానీ మధ్యాహ్నం ఈ పిల్ల కాలేజీలో ఉంటుంది, వాళ్ళ నాన్న మిర్చి కొట్లో, వాళ్ళమ్మ బళ్ళో. మబ్బు పడితే దించేదెవరండి? ఎందుకొచ్చిన గొడవ, తీగ తీయించేద్దాం," అన్నారు. లిఖిత నేల చూపులు చూస్తోంది. వాచ్‌మన్‌కి చెప్తామని వాళ్ళ నాన్న అన్నాడు. వాచ్‌మన్ తాను లేనప్పుడు తన భార్య చూస్తుందన్నాడు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళం చూస్తాంలెండి అని ఎవరో అన్నారు. అది వినగానే నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు కాదండి. అలా అయితే ఎవరూ చూడరు. నేను చూస్తా. నేనొక్కదాన్నే," అన్నాను.

"మీరా టీచర్ గారూ? మోకాళ్ళ నొప్పులతో?"

"లిఫ్టుందిగా. కరెంటు పోతే మెల్లిగా మెట్లెక్కుతా. రోజూ మిరపకాయల కోసం ఎక్కడం లేదూ?"

ఆయన అందరి వైపూ చూసి, "సరే, ఈ వేసవి చూద్దాం. ఒక్కసారి తప్పినా తీయించేస్తామండి," అన్నారు. లిఖిత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ధైర్యంగా అనేశాను గానీ ఇంటికొచ్చాక ఒక సంగతి గుర్తొచ్చింది. మా అమ్మ పిడి దించడం ఎన్నోసార్లు చూశాను. నా చేత్తో ఒక్కసారి కూడా దించలేదు.

వారం తిరక్కుండానే ఆ రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చాను. బయట ఎండ ఫెళ్ళుమంటోంది, ఆకాశంలో ఎక్కడా మచ్చ లేదు. కిటికీలోంచి ఒక గాలి రివ్వున వచ్చింది, అందులో చల్లదనం, తడిమట్టి వాసన. పేట వైపు గాలి. ఇంకేమీ ఆలోచించకుండా లేచాను. డాబా మీద మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి, నావీ, అందరివీ. వాటిని దాటుకుని వెళ్ళి పెట్టె తలుపు తీశాను. పిడి పట్టుకుంటే చల్లగా, నేననుకున్న దానికంటే గట్టిగా ఉంది. రెండు చేతులతో దించాను. టక్కున కూర్చుంది. సెట్టు వైపు కేబులు పీకి పక్కన పెట్టాను. ఆ తర్వాతే మిరపకాయల దగ్గర వంగాను. అప్పటికి ప్రసాద్ గారు కూడా తమ మూట కోసం వచ్చారు. ఆకాశం వైపు చూసి, "ఇంకా ఉరమలేదుగా టీచర్ గారూ, అప్పుడే దించేశారే?" అన్నారు.

"ఉరమలేదనే దించానండి," అన్నాను.

మూటలు కట్టుకుని మేం కిందికి దిగేలోపే పడమర నల్లబడింది. మొదటి ఉరుముకి కిటికీ అద్దాలు కదిలాయి. ఫోను మోగింది. లిఖిత, బస్సులోంచి. "మామ్మగారూ, కంచికచర్లలో ఉన్నా. మన వైపంతా నల్లగా కనిపిస్తోంది. మీరు ఇప్పుడు పైకి వెళ్ళకండి, ప్లీజ్. సెట్టు పోతే పోయింది." నాకు నవ్వొచ్చింది. "సెట్టుకేం కాదే తల్లీ. ఎప్పుడో దించేశా. నువ్వు తడవకుండా రా," అన్నాను.

వాన వెలిసి, నీరెండ పడ్డాక ఆ పిల్ల బ్యాగు భుజానికి ఉండగానే డాబా మీదకి వచ్చింది. ప్రసాద్ గారూ ఉన్నారు, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ ఉన్నారు, తడి డాబా మీద నీళ్ళు తోస్తూ. లిఖిత పెట్టె తెరిచి, దిగి ఉన్న పిడిని చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. పిడి మీద చెయ్యి వేసింది. వేసి ఆగింది. లైసెన్సు దానిది, తీగ దానిది, సెట్టు దానిది. అయినా వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"ఎత్తనా మామ్మగారూ?"

నేను కంచికచర్ల వైపు చెవి పెట్టి విన్నాను. ఎక్కడో బాగా దూరంలో, ఉరుము ఇంకా లోలోపల గొణుగుతోంది.

"ఉండు," అన్నాను. ఆ పిల్ల పిడి మీంచి చెయ్యి తీసేసి, నా పక్కన వచ్చి నిలబడింది.